‘బోధించు’ ద్వికర్మకం



ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుని ఇంటికి ఏప్రిల్, మే నెలల్లో వచ్చేవారిలో సగం మంది ఒకే ప్రశ్నతో వస్తారు. "మాస్టారూ, పిల్లని ఎందులో చేర్పించమంటారు?" ఈ నాలుగైదేళ్ళుగా ఆ ప్రశ్నకు ఒక కొత్త రూపం కూడా వినబడుతోంది. ఇంటర్మీడియట్ ముగించిన పిల్లలు కొందరు, ముఖ్యంగా ఆడపిల్లలు, ప్రత్యేకావసరాలు గల పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులం అవుతామంటున్నారు. ఇంట్లో మాట రాని తమ్ముడున్న పిల్ల ఒకతె, ఆటిజం ఉన్న పొరుగింటి బాబును ఆడించి పెంచిన పిల్ల ఒకతె. కోరికకు మూలం ఇలా ఎక్కడో ఉంటుంది. ఆ కోరికకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే స్పెషల్ బి.ఎడ్. చదవడానికి ముందు ఒక డిగ్రీ ఉండాలి. ఆ మూడు నాలుగేళ్ళూ ఏం చదవాలి అన్నదే ఈ టపాకు విషయం.

లోకం ఇచ్చే జవాబులు రెండు. మొదటిది: "సైకాలజీ చదివించండి, అదే కదా పనికొచ్చేది." రెండవది: "ఏదో ఒక డిగ్రీ కానివ్వండి. ఆ పిల్లలకు చెప్పడానికి ఎంత చదువు కావాలి గనుక!" మొదటి జవాబులో సద్భావం ఉంది. రెండవ దానిలో తెలియని క్రౌర్యం ఉంది. కాని రెండింటికీ ఒక సామాన్య లక్షణం ఉంది: పిల్లకు ఏం చెప్పాలన్న ఆలోచన రెండింటిలోనూ లేదు.

నా జవాబు ఇది. బడిలో బోధించే విషయాలలో మీ మనసుకు నచ్చిన ఒకదానిని, తెలుగో, ఇంగ్లీషో, గణితమో, భౌతికశాస్త్రమో, చరిత్రో, ప్రధాన విషయంగా తీసుకొని లోతుగా చదవండి. సైకాలజీని దానికి తోడుగా పెట్టుకోండి. ఎందుకో నా శక్తి మేరకు వివరిస్తాను.

వ్యాకరణం చదువుకున్నవాణ్ణి కనుక వ్యాకరణంతోనే మొదలుపెడతాను. "గురువు శిష్యునికి ధర్మాన్ని బోధించాడు" అని తెలుగులో అంటాం. శిష్యునికి అన్నచోట షష్ఠి, ధర్మాన్ని అన్నచోట ద్వితీయ. సంస్కృతంలో అలా కాదు. శిష్యుడూ ద్వితీయే, ధర్మమూ ద్వితీయే. ఒకే క్రియకు రెండు కర్మలు. పాలు పితకడం, యాచించడం, అడగడం, శాసించడం వంటి కొన్ని ధాతువులను వైయాకరణులు ద్వికర్మకాలన్నారు. తెలుసుకోవడం అనే అర్థం గల ధాతువుకు ప్రేరణార్థం చేర్చినప్పుడు కూడా ఇలాగే రెండు కర్మలు వస్తాయి. బోధన అంటే ఇద్దరిని పట్టుకొని నడవడం: ఒక చేతిలో పిల్లవాడు, మరొక చేతిలో విషయం. ఏ చేయి జారినా బోధన లేదు.

ఇప్పుడు స్పెషల్ బి.ఎడ్.లో ఏం నేర్పుతారో చూడండి. శిశువికాసం, అభ్యసన మనస్తత్వం, వైకల్యాన్ని గుర్తించే పద్ధతులు, అంచనా వేసే పద్ధతులు, ఒక్కొక్క పిల్లకు వేరుగా వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాసే విధానం, ప్రత్యేక పాఠశాలలో అభ్యాసం. అంటే మొదటి కర్మను గురించిన జ్ఞానం అక్కడ దండిగా దొరుకుతుంది. గణితాన్నో తెలుగునో బోధించే పద్ధతులూ చెబుతారు. కాని గణితాన్ని, తెలుగును అక్కడ నేర్పరు. అవి ముందే వచ్చి ఉండాలి. రెండవ కర్మను సంపాదించుకొనే చోటు డిగ్రీ ఒక్కటే. డిగ్రీలోనూ మనస్తత్వమే చదివి, బి.ఎడ్.లోనూ మనస్తత్వమే చదివితే గరిటె రెండుసార్లు తోమినట్లవుతుంది. వడ్డించడానికి కూర ఉండదు.

ఇక ఈ వృత్తికి ఉన్న వ్యవస్థను గురించి నాలుగు మాటలు. 1992లో పార్లమెంటు భారత పునరావాస మండలి చట్టం చేసింది. ప్రత్యేక ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే కోర్సులను గుర్తించేది ఆ మండలే, శిక్షణ పొందినవారి పేర్లు కేంద్ర పట్టికలో నమోదు చేసేదీ ఆ మండలే. మన సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో 1984లో వెలసిన జాతీయ సంస్థ మేధో వైకల్యం గల పిల్లల విద్యకు దేశానికంతటికీ దారి చూపింది. 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. అంతకుముందు "మొద్దు", "సోమరి" అని బెంచీ ఎక్కించిన పిల్లలలో ఎందరికో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉందని ఆ జాబితా చూశాక గాని చాలామందికి తెలియలేదు. 2021 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానం, ప్రాథమిక తరగతులలో ప్రత్యేకావసరాలు గల 10 మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, పై తరగతులలో 15 మందికి ఒకరు ఉండాలన్నది. పోస్టులను గుర్తించి ప్రకటించమని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్ళీ ఆదేశించింది. తెలంగాణలో 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే వాటిలో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు, 796 ఎస్.జి.టి. పోస్టులు చూపారు. చాలదన్నది నిజమే. కాని దారి తెరుచుకుంటోంది. తెరుచుకుంటున్న దారిలో ఎటువంటివారు నడవబోతున్నారన్నది అందుకే ముఖ్యం.

నాకు బాగా తెలిసినది తెలుగు కాబట్టి దానితోనే ఉదాహరణ చెబుతాను.

నేను ఉన్నత పాఠశాలలో పనిచేసే రోజుల్లో మండలంలోని భవిత కేంద్రం నుంచి ఒక ప్రత్యేక ఉపాధ్యాయిని వారానికొకసారి మా బడికి వచ్చేవారు. ఏడవ తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. మాటల్లో చురుకు, లెక్కల్లో ఫరవాలేదు, వాచకం తెరిస్తే మాత్రం చెమటలు పట్టేవి. "వీడికి వత్తులు రావు" అని అందరి తీర్మానం. ఆమె అతని చేత ఒక గంట చదివించి, తప్పులన్నీ ఒక కాగితం మీద రాసుకున్నారు. అబ్బ, గడ్డ, కప్ప, పువ్వు చదువుతున్నాడు. కత్తి, అన్నం, అమ్మ, ముల్లు, చక్రం దగ్గర ఆగిపోతున్నాడు. ఆమె బి.ఎ. తెలుగు చదివినవారు. కారణం వెంటనే పట్టుకున్నారు. తెలుగులో చాలా వత్తులు తమ మూలాక్షరాన్ని పోలి ఉంటాయి, తలకట్టు మాత్రం పోతుంది. త, న, మ, య, ర, ల అనే ఆరింటి వత్తులు మాత్రం మూలాక్షరాన్ని పోలవు. ఆ అబ్బాయి వత్తులను ఊహించి చదువుతున్నాడు. పోలిక లేని చోట ఊహ పనిచేయడం లేదు. ఆమె మిగిలినవాటి జోలికి పోకుండా ఆ ఆరింటికే అట్టముక్కలు చేసి, ఇసుకలో రాయించి, కొన్ని వారాలు శ్రమించారు. అతడు అష్టావధాని కాలేదు గాని, ఊరి పేర్లున్న బస్సు బోర్డులు, పరీక్ష ప్రశ్నపత్రం తనంత తాను చదువుకోగలిగాడు. "వత్తులు రావు" అన్నది రోగం పేరు. ఏ వత్తులు, ఎందుకు రావు అన్నది వైద్యం. ఆ వైద్యానికి పనికొచ్చింది ఆమె తెలుగు చదువు.

వినికిడి లోపం గల పిల్లల సంగతి చూడండి. "అమ్మ అన్నం పెట్టింది", "అమ్మకు అన్నం పెట్టింది". ఈ రెండు వాక్యాల మధ్య ఉన్నది ఒక్క ‘కు’. అది మారితే అన్నం తినే మనిషే మారిపోతుంది. చెవితో భాషను పొందిన పిల్లకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. చెవికి అందని పిల్లకు విభక్తిని ఒకరు కంటికి చూపించాలి. అలాగే "వాడేమన్నాడు" అన్నది మనకు వాడు, ఏమి, అన్నాడు అనే మూడు మాటలు. వినని పిల్లకు అది ఎన్నడూ చూడని ఒక కొత్త మాట. ఉత్వ సంధి, ఇత్వ సంధి అని మనం మార్కుల కోసం వల్లించిన పాఠం ఇక్కడ ప్రాణాధారం. భారతీయ సంకేత భాషకు తనదైన వ్యాకరణం ఉంది, అది తెలుగుకు చేతుల అనువాదం కాదు. కనుక ఆ పిల్లకు తెలుగు రెండవ భాష. రెండవ భాషగా తెలుగు చెప్పడానికి తెలుగు నిర్మాణం తెలిసినవారు కావాలి. మాట్లాడడం వచ్చినంత మాత్రాన చాలదు.

అంధ విద్యార్థులకూ ఇంతే. మన భాషల బ్రెయిలీకి 1951లో ఏర్పడిన భారతీ బ్రెయిలీ ఆధారం. అచ్చులో ‘స్త్రీ’ అన్నది ఒక గుత్తి: స, దాని కింద త, పక్కన క్రావడి, పైన గుడి దీర్ఘం. బ్రెయిలీలో కింద, పైన అన్నవి లేవు. ధ్వనులు పలికే క్రమంలో చుక్కల గళ్ళు వరుసగా నడుస్తాయి. ‘కి’ అన్నది క తరువాత ఇ. ఎప్పుడో వర్ణవిభాగం చేయడం నేర్చుకున్న తెలుగు విద్యార్థికి ఇది పరిచితమైన దారి. అక్షరాన్ని బొమ్మగా మాత్రమే ఎరిగినవారికి చిక్కుముడి.

తెలుగును గురించి ఇంత చెప్పానని అందరూ బి.ఎ. తెలుగే చదవాలని నా ఉద్దేశం కాదు. నిజానికి ఇంతకంటె పెద్ద లోటు గణిత, విజ్ఞాన శాస్త్రాలలో ఉంది.

మచిలీపట్నం ప్రాంతంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పేరు మీరందరూ విన్నదే. పదవ తరగతి బాగా ఉత్తీర్ణుడైన ఆ అంధ విద్యార్థికి ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవడానికి అనుమతి లేదన్నారు. న్యాయస్థానానికి వెళ్ళి ఆ హక్కు సాధించుకొని, మంచి మార్కులతో ఉత్తీర్ణుడై, ఆపైన అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివాడు. 2024లో ఆయన జీవితం మీద హిందీలో చలనచిత్రం కూడా వచ్చింది. అందరూ అతని పట్టుదలను మెచ్చుకున్నారు, అది మెచ్చదగినదే. కాని అంత పట్టుదల లేని, కోర్టు మెట్లు ఎక్కలేని పిల్లల మాటేమిటి? జ్యామితి పటాన్ని వేలికి తగిలేలా గీయడం, టేలర్ పలకపై బీజగణితం చేయించడం తెలిసిన ఉపాధ్యాయుడు దొరకక, "నీకెందుకమ్మా లెక్కలు, ఆర్ట్స్ తీసుకో" అనిపించుకున్న పిల్లలు ఎందరో. అక్కడ వారిని ఆపినది పిల్లల వైకల్యమా, చెప్పేవారి చదువులోని వెలితియా?

ఈ సందర్భంలో తలచుకోవలసిన మనిషి మరొకరున్నారు. అబ్రహాం నెమెత్. 1918లో న్యూయార్కులో పుట్టుకతో అంధుడుగా జన్మించాడు. గణితం అంటే ప్రాణం. గుడ్డివాడికి గణితం అచ్చిరాదని చెప్పి పెద్దలు ఆయనను సైకాలజీ వైపు మళ్ళించారు. బి.ఎ. సైకాలజీ, ఎం.ఎ. సైకాలజీ. తీరా ఆ చదువుకు తగిన కొలువు దొరకలేదు. అప్పుడు భార్య ప్రోత్సాహంతో మళ్ళీ గణితం మొదలుపెట్టి, ఆచార్యుడై, విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం బోధించాడు. గణిత చిహ్నాలను బ్రెయిలీలో రాయడానికి ఆయన కల్పించిన పద్ధతి 1952లో వెలువడింది. నెమెత్ సంకేతం పేరిట మన దేశంలోనూ వాడుకలో ఉంది. భిన్నంలో గీతకు పైన ఏముందో, ఘాతం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేళ్ళకు తెలియజేయాలంటే ఆ చిహ్నాల వెనుక ఉన్న ఆలోచన తెలిసి ఉండాలి. ఆయన సైకాలజీతోనే ఆగిపోయి ఉంటే అంధ విద్యార్థుల ప్రపంచానికి ఏం నష్టం జరిగేదో ఊహించుకోండి.

నా వాదానికి రెండు ఆక్షేపణలు రావచ్చు.

మొదటిది: "తీవ్రమైన మేధో వైకల్యం గల పిల్లకు స్నానం చేయడం, బొత్తాలు పెట్టుకోవడం, చిల్లర లెక్కపెట్టడం నేర్పితే అదే పదివేలు. అక్కడ మీ సంధులూ ఘాతాలూ ఎందుకు?" నిజమే, వాటిని ఎవరూ ఆ పిల్లకు చెప్పరు. కాని ఒక విషయాన్ని అడుగు దాకా చదివినవారికి ఒక అలవాటు వస్తుంది: పెద్దదాన్ని చిన్న మెట్లుగా విడగొట్టి, ఏ మెట్టు లేకపోతే పై మెట్టు నిలవదో కనిపెట్టడం. పది రూపాయల నోటుకు రెండు ఐదులని పిల్లకు తెలియాలంటే, అంతకుముందు ఎన్ని చిన్న సంగతులు తెలిసి ఉండాలో గణితం చదివినవారు చెప్పినంత చక్కగా మరొకరు చెప్పలేరు. బొత్తాం పెట్టుకోవడాన్ని మెట్లుగా విడగొట్టడమూ ఆ అలవాటులోనిదే. పైగా ప్రత్యేకావసరాలు గల పిల్లలందరూ తీవ్ర వైకల్యం గలవారు కారు. చాలామంది మన ఊరి మామూలు బడిలో, మామూలు బెంచీ మీద కూర్చుంటారు. సహిత విద్య అంటున్నది దానినే. అక్కడ తొమ్మిదో తరగతి పాఠాన్ని ఆ పిల్లకు అందే రూపంలోకి మార్చాలంటే, ముందు ఆ పాఠం ఉపాధ్యాయునికి కరతలామలకం కావాలి. ఏది వదిలినా నష్టం లేదో, ఏది వదలకూడదో తెలిసినవారే పాఠాన్ని తేలిక చేయగలరు. తెలియనివారు తగ్గిస్తారు.

రెండవది: "ఒకే ప్రత్యేక ఉపాధ్యాయుడు అన్ని విషయాలూ, అన్ని రకాల పిల్లలూ చూసుకోవాలి కదా, ఒక్క విషయంలో పాండిత్యం ఏం ప్రయోజనం?" మన మండలాల్లో పరిస్థితి అదేనని ఒప్పుకుంటాను. అయినా ఉపాధ్యాయుల గదిలో ప్రత్యేక ఉపాధ్యాయునికి ఇచ్చే కుర్చీ ఎక్కడ ఉంటుందో గమనించండి. "ఆయా పని చేసే టీచరమ్మ" అన్న చూపు ఇంకా పోలేదు. విషయపరిజ్ఞానం గలవారు గణితోపాధ్యాయునితో గణితం గురించి సమానంగా మాట్లాడగలరు, "ఈ లెక్క ఈ పిల్లకు ఇలా ఇస్తే అందుతుంది" అని వాదించగలరు. ఆ గౌరవం ఉపాధ్యాయినితో ఆగదు, పిల్ల దాకా వెళ్తుంది.

సైకాలజీని నేను తక్కువ చేయడం లేదు. పిల్లలను పరీక్షించి, వారి మానసిక స్థితిని అంచనా వేసి, చికిత్స చేసే నిపుణులు కావాలనుకొనేవారు దానినే చదవాలి, పై చదువులు దాకా చదవాలి. మాటను సరిదిద్దే వృత్తి కావాలంటే దానికి ఇంటర్ తరువాతే వేరే డిగ్రీ ఉంది. ఫిజియోథెరపీకి మరొకటి ఉంది. ఇవన్నీ ఉత్తమ వృత్తులే, బోధనకు సోదరులే. కాని నల్లబల్ల దగ్గర నిలబడాలనుకొనేవారికి దారి వేరు.

ఇక ఆచరణకు కొన్ని మాటలు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్, దానికి తోడు మైనర్ అనే పద్ధతి వచ్చింది. బడిలో చెప్పే విషయం మేజర్‌గా, సైకాలజీ మైనర్‌గా దొరికే కళాశాల ఉంటే అంతకంటె మేలు లేదు. లేకపోతే సైకాలజీ పుస్తకాలు సొంతంగా చదువుకోండి, బి.ఎడ్.లో అవి ఎలాగూ ఎదురవుతాయి. డిగ్రీ చదువుతున్నప్పుడే సెలవుల్లో దగ్గరలోని భవిత కేంద్రానికో ప్రత్యేక పాఠశాలకో వెళ్ళి, అనుమతి అడిగి, కొన్నాళ్ళు పిల్లలతో గడపండి. వినికిడి, దృష్టి, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, ఆటిజం, వీటిలో ఏ శాఖ మీకు సరిపడుతుందో దరఖాస్తు ఫారం చెప్పదు, ఆ పిల్లలు చెబుతారు. బి.ఎడ్.లో చేరేముందు ఆ కళాశాలకు, ఆ కోర్సుకు పునరావాస మండలి గుర్తింపు ఆ సంవత్సరానికి ఉందో లేదో స్వయంగా చూసుకోండి. టెట్, డీఎస్సీ ప్రకటనల్లో అర్హతలను కూడా ఒకసారి చదవండి. డిగ్రీలో బడి విషయం లేకపోతే తరువాత వగచి లాభం లేదు. తల్లిదండ్రులకు ఒక విన్నపం: "ఎలాగూ ఆ పిల్లలకే కదా" అని మీ అమ్మాయిని సులువైన డిగ్రీలో పడేయకండి. ఆమె చదువులో మీరు తగ్గించిన ప్రతి పుటా రేపు ఒక బలహీనుని పుస్తకంలో చిరిగిపోతుంది.

వ్యాకరణం ఇంకొక రహస్యం చెబుతుంది. ‘తెలుసుకొను’ అన్న క్రియకు కర్త ఎవరు? విద్యార్థి. ‘తెలియజేయు’ అనగానే ఆ కర్తే కర్మ అవుతాడు, గురువు వచ్చి కర్త స్థానంలో కూర్చుంటాడు. కూర్చున్నా, ఆ కర్మ మొదట కర్త అన్న సంగతి వైయాకరణులు మరువలేదు. వినలేని పిల్లా, చూడలేని పిల్లా, నెమ్మదిగా నేర్చే పిల్లా, వాళ్ళు మన జాలికి పాత్రులుగా బడికి రాలేదు. తెలుసుకోవడానికి వచ్చారు. తెలుసుకొనేవాడికి ఇవ్వడానికి మన దగ్గర తెలిసినదంటూ ఒకటి ఉండాలి.

దీనితో ఏకీభవించనివారు, ముఖ్యంగా ప్రత్యేక పాఠశాలల్లో పనిచేసిన అనుభవం ఉన్నవారు, ఆ పిల్లల తల్లిదండ్రులు, నిస్సంకోచంగా వ్యాఖ్య రాయండి. మీ మాట ఈ వేసవిలో ఎవరో ఒక అమ్మాయికి పనికొస్తుంది.

స్వస్తి.